జామ వేరు గడప మీద: కణత్వచం గుండా పదార్థాల రాకపోకలు

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట సమీపంలో ఉన్న బార్కస్ ప్రాంతానికి రెండు కారణాల వల్ల పేరు వచ్చింది. మొదటిది నిజాము సైన్యంలో కొలువుకై యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన అరబ్బులు. వారు నివసించిన సైనిక 'బ్యారక్స్' అనే మాటే జనవ్యవహారంలో 'బార్కస్'గా మారింది. రెండవది జామ. ఒకప్పుడు ఈ ప్రాంతపు తోటల జామపండ్లకు నగరంలో ప్రత్యేకమైన ఆదరణ ఉండేది. నగరం విస్తరించిన కొద్దీ తోటల స్థానంలో ఇళ్ళు వెలిశాయి. అయినా బార్కస్ జామ అనే పేరు నగరవాసుల వాడుకలో నిలిచే ఉంది.

జామ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలలో పుట్టిన చెట్టు. గ్రానైటు శిల క్రమక్షయం చెందగా ఏర్పడిన తెలంగాణ ఎర్రనేలల్లో అది చక్కగా నిలదొక్కుకుంది. సంగారెడ్డిలోని ఫల పరిశోధనా స్థానంలో అలహాబాదు సఫేదా, కోహిర్ జామలను సంకరపరచి సఫేద్ జామ్, కోహిర్ సఫేదా అనే రకాలను రూపొందించారు. రకాల ఎంపిక, కొమ్మల కత్తిరింపు, ఎరువుల మోతాదు మొదలైన అంశాలపై విస్తరణ సాహిత్యం విరివిగా లభిస్తుంది. అయితే ఆ సిఫారసులన్నీ ఒక గడప వద్దకు వచ్చి ఆగుతాయి. అది వేరుకణాన్ని చుట్టి ఉండే కణత్వచం. దాని మందం మిల్లీమీటరులో లక్షవ వంతుకు మించదు. చెట్టుకు ఇన్ని కిలోలు అని లెక్కకట్టి వేసిన ఎరువులో ఎంత భాగం చెట్టుకు చెందుతుందో, ఎంత భాగం భూగర్భజలంలో కలుస్తుందో నిర్ణయించడంలో ఈ పొర పాత్ర ముఖ్యమైనది. పట్టణ పరిసరాలలో మురుగునీటితో పండే పంటల్లోకి విషలోహాలు చేరేదీ ఈ పొర గుండానే. కనుక కణత్వచ రవాణాను వృక్షశరీరధర్మ శాస్త్రంలో ఒక పాఠంగా చదివి విడిచిపెట్టకుండా, పొలంలో ఇచ్చే ప్రతి సలహాకూ ఆధారంగా గ్రహించవలసి ఉంది.

ఉప్పు అద్దిన జామముక్క

నగరంలో జామకాయను బండి మీద చీలికలుగా కోసి, ఉప్పూ కారం అద్ది ఇవ్వడం పరిపాటి. కొద్ది నిమిషాలలోనే ఆ ముక్క కోసిన ముఖం మీద నీరు ఊరుతుంది. ద్రవాభిసరణను బోధించడానికి ఇంతకంటే సులభమైన ఉదాహరణ దొరకదు.

జామరసంలో కరిగిన ఘనపదార్థాలు సాధారణంగా 10 నుంచి 12 బ్రిక్స్ వరకు ఉంటాయి. ఆ గాఢత వద్ద కణరసపు ద్రావిత శక్మం ఇంచుమించు మైనస్ 1 నుంచి మైనస్ 1.5 మెగాపాస్కల్ వరకు ఉంటుంది. ముక్కపై తడిలో ఉప్పు కరిగి సంతృప్త ద్రావణంగా మారినచోట నీటి శక్మం దాదాపు మైనస్ 39 మెగాపాస్కల్‌కు పడిపోతుంది. నీరు అధిక శక్మం నుంచి అల్ప శక్మం వైపు ప్రవహిస్తుంది కాబట్టి కణంలోని నీరు బయటకు వస్తుంది. కణద్రవ్యం ముడుచుకుపోయి కణకవచం నుంచి విడిపోతుంది. దీనినే ప్లాస్మాలిసిస్ అంటారు.

ఈ ఉదాహరణలో రెండు విషయాలను వేరుచేసి చూడాలి. నీరు త్వరగా బయటకు వచ్చింది. ఉప్పు అంత త్వరగా లోపలికి వెళ్ళలేకపోయింది. ఉప్పు కూడా నీటితో సమానమైన వేగంతో త్వచాన్ని దాటగలిగితే రెండువైపులా గాఢత సమమై, నీరు ఊరడం ఆగిపోయేది. అంటే ద్రవాభిసరణకు మూలం గాఢతలోని తేడా ఒక్కటే అనుకోవడం అసంపూర్ణం. ఆ తేడాను నిలబెట్టే వరణాత్మక త్వచం కూడా ఉండాలి.

చెట్టు మొదట్లో ఎరువును కుప్పగా వేసి, తగినంత నీరు పెట్టనప్పుడు వేరుకొనలు మాడిపోవడానికి కూడా ఇదే కారణం. అక్కడ ఎరువు ద్రావణం బండి మీది ఉప్పు చేసిన పనినే చేస్తుంది. ఎరువును కాండానికి దూరంగా, కొమ్మల నీడ పడే వలయంలో చల్లి, మట్టిలో కలిపి, వెంటనే నీరు పెట్టాలన్న పాత సిఫారసు వెనుక ఉన్న కారణాలలో ఇది ఒకటి.

పొర నిర్మాణం

1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్ శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు పదార్థాన్ని వేరుచేసి నీటిపై ఒకే అణువు మందంతో పరిచి కొలిచారు. ఆ వైశాల్యం కణాల ఉపరితల వైశాల్యానికి రెట్టింపుగా కనిపించింది. త్వచంలో కొవ్వు అణువులు రెండు వరుసలుగా అమరి ఉంటాయన్న భావన దానితో స్థిరపడింది. 1972లో సింగర్, నికొల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనా ఈ చిత్రాన్ని పూర్తి చేసింది. ఫాస్ఫోలిపిడ్ అణువుల తలలు నీటివైపు, తోకలు లోపలివైపు ఉండి ద్విపటలంగా ఏర్పడతాయి. ఆ పటలంలో ప్రోటీన్లు అక్కడక్కడ పొదిగినట్లు ఉండి, ద్రవంలో తేలుతున్నట్లు పక్కలకు కదులుతాయి.

ఈ కొవ్వు పొరను ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడు, ఇథిలిన్ వంటి వాయువులు సులభంగా దాటుతాయి. ఆవేశం లేని చిన్న అణువులైన యూరియా, బోరిక్ ఆమ్లం కొంతమేరకు దాటుతాయి. పొటాషియం, నైట్రేటు, కాల్షియం వంటి ఆవేశం గల అయాన్లు వాటంతట అవి దాదాపు దాటలేవు. తమ చుట్టూ నీటి అణువులను అంటిపెట్టుకున్న అయాన్లకు కొవ్వు పొర దుర్భేద్యమైన గోడ వంటిది. అందువల్ల వాటికోసం ప్రోటీన్లతో నిర్మితమైన ప్రత్యేక ద్వారాలు ఉన్నాయి.

నీటికి సైతం ఇటువంటి ద్వారం ఉందని 1992లో పీటర్ ఆగ్రె బృందం నిరూపించింది. ఆక్వాపోరిన్లు అనే ఈ ప్రోటీన్ల గుండా నీటి అణువులు ఒకదాని వెంట ఒకటిగా సాగిపోతాయి. 1998లో రోడరిక్ మెకినన్ బృందం పొటాషియం మార్గపు నిర్మాణాన్ని వెల్లడించి, పెద్దదైన పొటాషియం అయాన్‌ను రానిచ్చి చిన్నదైన సోడియంను ఆ మార్గం ఎలా అడ్డుకుంటుందో వివరించింది. ఆగ్రె, మెకినన్‌లు 2003లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

వేరులో ఈ గడపకు ఒక ప్రత్యేకత ఉంది. మట్టిద్రావణం వల్కలపు కణకవచాల మధ్య ఖాళీల గుండా అపోప్లాస్ట్ పథంలో కొంతదూరం స్వేచ్ఛగా రాగలదు. అంతశ్చర్మం వద్ద కాస్పేరియన్ పట్టీలు ఆ దారిని మూసివేస్తాయి. అక్కడికి చేరేలోగా లేదా అక్కడైనా పదార్థం ఏదో ఒక కణత్వచాన్ని దాటి తీరాలి. అప్పుడే దారువులో ప్రవేశం లభిస్తుంది. వేరు స్పంజివలె నేలలోని ద్రావణాన్ని ఉన్నదున్నట్లు పీల్చుకుంటుందన్న అపోహ ఇక్కడ తొలగిపోతుంది.

రవాణాకు ఖర్చు

పదార్థం అధిక గాఢత నుంచి అల్ప గాఢతకు తనంత తానుగా కదలడం విసరణ. ప్రోటీను ద్వారం సాయంతో అదే దిశలో కదలడం సులభతర విసరణ. వీటిని కలిపి నిష్క్రియా రవాణా అంటారు. గాఢత తక్కువగా ఉన్న మట్టి నుంచి ఎక్కువగా ఉన్న కణంలోకి పోషకాన్ని చేర్చాలంటే శక్తిని వెచ్చించాలి. అది సక్రియా రవాణా. ఆ శక్తికి నాణెం ఏటీపీ.

ఏటీపీ చరిత్రలో ఒక తెలుగువాని పేరు మొదటి పుటలోనే ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు గాఢత ద్వారా అంచనా వేసే పద్ధతిని ప్రచురించారు. ఆ పద్ధతితోనే కండరంలోని భాస్వరపు సమ్మేళనాలను పరిశీలిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నారు. త్వచంలోని పంపు ఏటీపీని విచ్ఛిన్నం చేసినప్పుడు ఫాస్ఫేటు విడుదలవుతుంది. ఆ ఫాస్ఫేటును కొలిచి పంపు పనిని అంచనా వేయడానికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు విస్తృతంగా వాడారు. ప్రయోగశాలలో నీలిరంగు గాఢతను నమోదుచేసే విద్యార్థికి ఆ రంగు వెనుక ఉన్న చరిత్ర తెలిసి ఉండటం మంచిది.

జంతుకణాలలో ప్రధానమైన పంపు సోడియంను బయటకు, పొటాషియంను లోపలికి పంపుతుంది. జెన్స్ స్కౌ దీనిని 1957లో వెల్లడించి 1997లో నోబెల్ బహుమతిలో భాగస్వామి అయ్యారు. మొక్కల కణత్వచంలో ఆ స్థానం ప్రోటాన్ పంపుది. అది ఒక ఏటీపీని వెచ్చించి ఒక ప్రోటాన్‌ను కణం బయటకు నెడుతుంది. ఫలితంగా కణం వెలుపల ఉదజని సూచిక 5 నుంచి 6 వరకు, కణద్రవ్యంలో 7.2 నుంచి 7.5 వరకు ఉంటుంది. త్వచానికి లోపలివైపు రుణావేశం ఏర్పడి, వేరుకణాలలో సాధారణంగా మైనస్ 120 నుంచి మైనస్ 180 మిల్లీవోల్టుల విద్యుత్ భేదం నిలుస్తుంది. తరువాతి రవాణాలో అధికభాగం ఈ రెండు భేదాల మీదనే నడుస్తుంది.

పొటాషియంనే తీసుకుందాం. కణద్రవ్యంలో దాని గాఢత సుమారు 100 మిల్లీమోలార్. మట్టిద్రావణంలో 0.1 మిల్లీమోలార్ ఉందనుకుంటే తేడా వెయ్యి రెట్లు. గాఢతలో ప్రతి పదిరెట్ల తేడాకు 25 డిగ్రీల వద్ద సుమారు 59 మిల్లీవోల్టుల చొప్పున, ఈ తేడాను విద్యుత్ ఆకర్షణతో అధిగమించడానికి మైనస్ 177 మిల్లీవోల్టులు కావాలి. ఇది వేరుకణం సాధించగలిగిన గరిష్ఠస్థాయికి దగ్గర. గాఢత అంతకంటే ఎక్కువగా ఉన్నప్పుడు పొటాషియం తెరిచిన మార్గం గుండా లోపలికి రాగలదు. అంతకంటే తగ్గినప్పుడు ప్రోటాన్ల ప్రవాహంతో జోడించిన అధిక ఆసక్తి గల వాహకాలు పనిచేయాలి. ఇమాన్యుయెల్ ఎప్‌స్టెయిన్ 1952 నుంచి బార్లీ వేళ్ళపై చేసిన ప్రయోగాలలో అయాన్ల శోషణ ఎంజైముల చర్యను పోలి ఉంటుందనీ, గాఢత పెరిగేకొద్దీ వాహకాలు సంతృప్తస్థితికి చేరుతాయనీ తేలింది.

నైట్రేటుది వేరే పరిస్థితి. అది రుణావేశం గలది. కణం లోపలి రుణావేశం దానిని వెనక్కి నెడుతుంది. కనుక ప్రతి నైట్రేటు అయాన్ రెండు ప్రోటాన్ల తోడుతో సింపోర్టు వాహకం ద్వారా ప్రవేశిస్తుంది. ఆ రెండు ప్రోటాన్లను తిరిగి బయటకు పంపడానికి రెండు ఏటీపీలు ఖర్చవుతాయి. అతిసారంలో ఇచ్చే ఓఆర్ఎస్ ద్రావణంలోనూ ఇటువంటి జోడింపే ఉంది. అక్కడ గ్లూకోజు, సోడియం ఒకే వాహకం మీద కలిసి పేగు కణాల్లోకి వెళ్ళి, తమ వెంట నీటిని తీసుకుపోతాయి. ఆకులలో తయారైన చక్కెర పోషక కణజాలంలోకి ఎక్కి కాయను చేరడానికి కూడా చాలా మొక్కలలో సుక్రోజు–ప్రోటాన్ సింపోర్టు తోడ్పడుతుంది. జామపండు తీపి వెనుక కూడా ఈ పంపుల శ్రమ ఉంది.

దీని నుంచి విస్తరణకు ఒక స్పష్టమైన పాఠం లభిస్తుంది. వాహకాలు సంతృప్తస్థితికి చేరిన తరువాత మట్టిలో నత్రజనిని రెట్టింపు చేసినా శోషణ రెట్టింపు కాదు. అయాన్లను పట్టి ఉంచే శక్తి తక్కువగా ఉన్న తేలిక ఎర్రనేలల్లో మిగిలిన నైట్రేటు తరువాతి తడితో లోతుకు దిగిపోతుంది. ఎరువును విడతలుగా వేయాలన్న సిఫారసును రైతుకు చెప్పేటప్పుడు, వేరు ఒకేసారి అంతా తీసుకోలేదన్న కారణాన్ని కూడా చెబితే ఆ సలహాకు బలం చేకూరుతుంది.

నీరు నిలిచిన తోట

2020 అక్టోబరులో కురిసిన భారీవర్షాలకు హైదరాబాదు దక్షిణ ప్రాంతంలోని అనేక కాలనీలు నీట మునిగాయి. నగర పరిసరాలలో తోటలు ఉన్నచోట ఇటువంటి వానలు వచ్చినప్పుడు ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది: చెట్టు మొదలు నీటిలో ఉంటుంది, ఆకులు మాత్రం ఎండకు వడలినట్లు వాలిపోతాయి.

ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా విసరణ చెందుతుంది. మట్టిరంధ్రాలు నీటితో నిండగానే వేరుకు శ్వాసక్రియ కష్టమవుతుంది. ఆక్సిజన్ సమక్షంలో ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు లభిస్తే, అది లేనప్పుడు 2 మాత్రమే లభిస్తాయి. ప్రోటాన్ పంపు మందగిస్తుంది, కణద్రవ్యం ఆమ్లీకృతమవుతుంది. ఆ ఆమ్లత్వానికి ఆక్వాపోరిన్లు మూసుకుపోతాయని 2003లో అరబిడాప్సిస్ వేళ్ళపై జరిపిన పరిశోధన నిరూపించింది. చుట్టూ నీరున్నా చెట్టు దాహంతో వడలడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

ఈ స్థితిలో పోషకలోపం కనిపిస్తోందని నేలకు యూరియా వేయించడం నిష్ప్రయోజనం. పంపు నడవనిదే నైట్రేటు లోపలికి రాదు. పైగా గాలి ఆడని మట్టిలో నైట్రేటు వాయురూపంలో నష్టమవుతుంది. ముందుగా కాలువ తీసి నీటిని తొలగించాలి. నేల ఆరిన తరువాత పైపైన మట్టిని గుల్లచేయాలి. వేళ్ళు కోలుకునే లోపు పోషకాలను ఆకుల ద్వారా అందించాలి. అధిక వర్షాల తరువాత లీటరు నీటికి 20 గ్రాముల యూరియా లేదా 10 గ్రాముల పొటాషియం నైట్రేటు కలిపి పిచికారీ చేయమని చెప్పే సలహాకు శాస్త్రీయమైన ఆధారం ఇదే. పని ఆగిపోయిన వేరు త్వచాన్ని పక్కనపెట్టి, శ్వాసిస్తున్న ఆకు త్వచాన్ని ఆశ్రయించడం అందులోని సూత్రం.

ఒకే యూరియా, రెండు ఫలితాలు

ఆకుపై పడిన బిందువు ముందుగా మైనపు పూత గల అవభాసినిని, ఆ తరువాత కణత్వచాన్ని దాటాలి. జామ ఆకు పత్రరంధ్రాలు, నూగు అడుగుభాగాన ఉంటాయి. కనుక ద్రావణం ఆకు రెండువైపులా తడిసేలా పిచికారీ చేయాలి. బిందువు ఆరిపోతే ప్రవేశం దాదాపు ఆగిపోతుంది. అందువల్ల మధ్యాహ్నపు ఎండలో కంటే సాయంకాలం చేసిన పిచికారీ మేలు. ఆవేశం లేని చిన్న అణువు కావడం యూరియాకు ఈ మార్గంలో కలిసివచ్చిన గుణం.

లీటరుకు 20 గ్రాముల యూరియా గల ద్రావణపు ద్రావిత శక్మం ఇంచుమించు మైనస్ 0.8 మెగాపాస్కల్. ఆకుకణాలు దీనిని సాధారణంగా తట్టుకోగలవు. లీటరుకు 100 గ్రాములు కలిపితే అది మైనస్ 4 మెగాపాస్కల్ దాటుతుంది. అప్పుడు నీరు కణం నుంచి బయటకు లాగబడుతుంది. లోపలికి చొరబడిన యూరియా కూడా మోతాదు మించి విషమవుతుంది. లేత పూత, చిగురు మాడి రాలిపోతాయి.

ఉత్తరభారతంలో ఈ హానినే ఉపాయంగా మార్చుకున్నారు. వేసవి ఆరంభంలో వచ్చే అంబె బహార్ పూతకు వానాకాలంలో కాయలు వస్తాయి. అవి చప్పగా ఉండి పండుఈగ బారిన పడతాయి. ఆ పూతపై 10 శాతం యూరియా పిచికారీ చేసి రాల్చివేస్తే, చెట్టు తన నిల్వలను మృగ్ బహార్ పూతకు మళ్ళించి చలికాలంలో నాణ్యమైన కాయలను ఇస్తుంది. 2 శాతం వద్ద ఆహారమైనది 10 శాతం వద్ద కత్తెర అయింది. పిచికారీ మోతాదును కంటిచూపుతో, గుప్పెళ్ళతో కొలిచే అలవాటును విస్తరణ కార్యకర్తలు ఎందుకు మాన్పించాలో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

మోసపోయే ద్వారాలు

త్వచద్వారాలు అయాన్ల ఆకారాన్ని, ఆవేశాన్ని చూసి ఎంపిక చేస్తాయి. వాటికి అయాన్ పేరు తెలియదు. ఒకదానిని పోలిన మరొకటి వచ్చినప్పుడు పొరపడే అవకాశం ఉంటుంది.

జామ వంటి ద్విదళబీజ మొక్కలు ఇనుమును గ్రహించే విధానం దీనికి నిదర్శనం. వేరు ముందు ప్రోటాన్లను విడుదల చేసి మట్టిని ఆమ్లీకరిస్తుంది. త్వచంపై ఉన్న ఎంజైము ఫెర్రిక్ రూపాన్ని ఫెర్రస్ రూపంగా మారుస్తుంది. ఆ పిదప ఐఆర్‌టీ1 వంటి వాహకం దానిని లోపలికి చేరుస్తుంది. ఈ వాహకాన్ని 1996లో అరబిడాప్సిస్‌లో గుర్తించారు. సున్నం అధికంగా ఉన్న నేలల్లో, బైకార్బొనేటు అధికంగా గల బోరునీటితో సాగయ్యే తోటల్లో, వేరు విడుదల చేసిన ప్రోటాన్లను బైకార్బొనేటు తటస్థీకరిస్తుంది. నేలలో ఇనుము సమృద్ధిగా ఉన్నా చిగురుటాకులు ఈనెల మధ్య పసుపువారి పాలిపోతాయి. అటువంటిచోట నేలకు వేసిన అన్నభేది త్వరలోనే కరగని ఫెర్రిక్ రూపానికి మారిపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదికి 1 గ్రాము నిమ్మ ఉప్పు చేర్చి ఆకులపై పిచికారీ చేయమనడం ఇందుకే. నిమ్మ ఉప్పు ద్రావణాన్ని ఆమ్లంగా ఉంచి ఇనుమును కరిగిన స్థితిలో నిలుపుతుంది.

ఇనుము చాలనప్పుడు మొక్క ఐఆర్‌టీ1 వాహకాల సంఖ్యను పెంచుతుంది. ఈ వాహకం జింకు, మాంగనీసు, కోబాల్టులతో పాటు కాడ్మియంను కూడా రానిస్తుంది. వరిలో మాంగనీసును తీసుకొనే ఎన్‌రాంప్5 వాహకం కాడ్మియంకు ప్రధానద్వారమని 2012లో తేలింది. సిలికాన్‌ను గ్రహించే ఎల్ఎస్ఐ1 ద్వారం గుండా ఆర్సెనైటు ప్రవేశిస్తుందని 2008లో వెల్లడైంది. హైదరాబాదు దిగువన మూసీ పరీవాహకంలో నగరపు మురుగునీటితో వరి, పశుగ్రాసం, ఆకుకూరలు సాగవుతున్నాయి. అటువంటి నేలల్లో ఇనుము, జింకు లోపాలను సరిదిద్దడం దిగుబడికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. లోపం ఉన్న మొక్క ఆకలితో తెరిచిన తలుపుల గుండానే కాడ్మియం ఆహారంలోకి చేరే ప్రమాదం ఉంది. అందువల్ల మురుగునీటి సాగు ఉన్నచోట సూక్ష్మపోషకాల పరీక్షకు ఆహార భద్రత దృష్ట్యా ప్రాధాన్యం ఇవ్వాలి.

సోడియం విషయంలో ఇంకొక రకమైన పొరపాటు జరుగుతుంది. చౌడు నేలల్లో సోడియం గాఢత ఎక్కువగా ఉన్నప్పుడు అది ఇతర ధనావేశ అయాన్ల మార్గాల గుండా చొరబడుతుంది. దానిని బయటకు నెట్టడానికి కణత్వచంపై ఎస్ఓఎస్1, రిక్తికలో బంధించడానికి టోనోప్లాస్టుపై ఎన్‌హెచ్ఎక్స్1 అనే ఆంటిపోర్టు వాహకాలు ఉన్నాయి. రెండూ ప్రోటాన్ భేదం మీదనే ఆధారపడతాయి. అంటే ఆ శ్రమకూ ఏటీపీ ఖర్చే. కాల్షియం సమక్షంలో వేరు పొటాషియంను ఎంచుకొని సోడియంను నిరోధించగలదనీ, కాల్షియం లేనప్పుడు ఆ విచక్షణ దెబ్బతింటుందనీ ఎప్‌స్టెయిన్ 1961లో నిరూపించారు. జిప్సం మట్టిరేణువుల మీద ఉన్న సోడియంను తొలగిస్తుందని మాత్రమే సాధారణంగా బోధిస్తాము. అది వేరు త్వచానికి విచక్షణను కూడా కాపాడుతుందని చేర్చి చెప్పాలి.

కోసిన తరువాత పండు

కాయను చెట్టు నుంచి కోసిన తరువాత కూడా త్వచాల పని ముగియదు. పండే కొద్దీ త్వచపు పటిష్ఠత తగ్గి, కణరసం కణకవచాల మధ్యకు కారడం మొదలవుతుంది. కాల్షియం త్వచాన్ని, కణకవచాన్ని బిగువుగా ఉంచుతుంది. అయితే అది ముఖ్యంగా దారువులో నీటితో పాటు ప్రయాణిస్తుంది. నీటిని ఎక్కువగా ఆవిరిచేసే ఆకులకు అధికంగా, కాయకు తక్కువగా చేరుతుంది. కాయ మీద నేరుగా కాల్షియం పిచికారీ చేయమనడానికి కారణం ఇది.

జామ ఉష్ణమండలపు పండు. సుమారు 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఎక్కువకాలం ఉంచితే త్వచంలోని కొవ్వు ద్రవస్థితిని కోల్పోయి గట్టిపడుతుంది, పొరలో లీకులు ఏర్పడతాయి. పండును బయటకు తీసిన తరువాత తోలుపై గోధుమరంగు మచ్చలు, గుజ్జు నల్లబడటం కనిపిస్తాయి. ఎంత చల్లగా ఉంచితే అంత నిలవ ఉంటుందన్న నమ్మకంతో జామను నిల్వచేసే వ్యాపారులకు ఈ విషయాన్ని తెలియజేయవలసి ఉంది.

విద్యార్థులకు రెండు ప్రయోగాలు

మొదటి ప్రయోగానికి దోరజామ గుజ్జును సమాన పరిమాణం గల ముక్కలుగా కోయాలి. 0, 5, 10, 15, 20 శాతం చక్కెర ద్రావణాలలో గంటన్నరసేపు ఉంచి, పైతడిని అద్ది, తూకంలో మార్పును నమోదుచేయాలి. బరువు పెరగని, తగ్గని గాఢతను గ్రాఫు నుంచి గుర్తిస్తే అది ఆ కణజాలపు నీటి శక్మానికి సమానమైన ద్రావణం. 10 శాతం చక్కెర ద్రావణం సుమారు మైనస్ 0.7 మెగాపాస్కల్‌కు సమానం. బంగాళాదుంప ముక్కలతో పోల్చి చూస్తే కణజాలాల మధ్య తేడా అర్థమవుతుంది.

రెండవ ప్రయోగంలో ఆకు బిళ్ళలను శుద్ధజలంలో 40 డిగ్రీల వద్ద అరగంట ఉంచి విద్యుత్ వాహకతను కొలవాలి. అదేవిధమైన మరొక నమూనాను 100 డిగ్రీల వద్ద 15 నిమిషాలు మరిగించి, చల్లార్చి కొలవాలి. మొదటి విలువను రెండవదానితో భాగించి, 1 నుంచి తీసివేసి, 100తో గుణిస్తే త్వచ స్థిరత్వ సూచిక లభిస్తుంది. బెట్టకు, చౌడుకు తట్టుకొనే రకాలను పోల్చడానికి ఈ సూచిక ఉపకరిస్తుంది. బీట్‌రూటు ముక్కలను వేడినీటిలో ఉంచితే ఎర్రరంగు నీటిలోకి కారుతుంది, ఎర్రజామ రంగు మాత్రం కారదు. బీట్‌రూటు వర్ణకం రిక్తికలో నీటిలో కరిగి ఉంటుంది. ఎర్రజామలోని లైకోపీన్ కొవ్వులో కరిగే పదార్థం. ఈ తేడాకు కారణాన్ని విద్యార్థులచేతనే చెప్పించవచ్చు.

సిఫారసుకు ముందు

క్షేత్రంలో ఏదైనా పోషకాన్ని సూచించే ముందు విస్తరణ శాస్త్రజ్ఞులు మూడు విషయాలను పరిశీలించడం ప్రయోజనకరం. ఆ పదార్థం ఏ రూపంలో, ఏ ద్వారం గుండా కణంలోకి ప్రవేశిస్తుంది? ఆ ద్వారాన్ని నడపడానికి కావలసిన శక్తి, అంటే వేరుకు గాలి, ఆకుకు ఆరోగ్యం, ఆ సమయంలో ఉన్నాయా? అదే ద్వారం కోసం పోటీపడే లేదా దానిని మోసగించే మరొక అయాన్ నేలలో గాని, సాగునీటిలో గాని ఉందా? మట్టిపరీక్షతో పాటు సాగునీటి పరీక్ష, మురుగుపారుదల పరిశీలన, ఆకు విశ్లేషణ చేయిస్తే ఈ మూడింటికీ చాలావరకు సమాధానం దొరుకుతుంది.

బార్కస్ వంటి చోట్ల తోటలు నగరంలో కలిసిపోయిన కొద్దీ, మిగిలిన తోటలు మరింత దూరానికి, తరచుగా మరింత కఠినమైన నీటివనరుల మీదికి జరుగుతున్నాయి. బోరునీటిలో లవణాలు, బైకార్బొనేట్లు, మురుగునీటిలో లోహాలు ఎక్కువైనప్పుడు మోతాదు పెంచడం వల్ల రైతుకు ఖర్చు పెరుగుతుంది గాని చెట్టుకు పోషకం చేరదు. ఆ అదనపు ఖర్చును ఆపగలిగిన సలహా ఇవ్వడానికి వేరుకణపు త్వచం గురించిన పరిజ్ఞానం నేడు విస్తరణ రంగానికి అత్యవసరం.